చెయ్యి వణికితే వయసు మీద తోసేయకండి



“అవ్వకు చెయ్యి వణుకుతున్నది సార్. వయసు మీద పడ్డది గదా, నరాల బలహీనత. బలానికి ఒక సూది ఇయ్యండి, పోతం.”

జహీరాబాద్ చుట్టుపక్కల ఏ ఆసుపత్రి ఓపీలో కూర్చున్నా ఇలాంటి మాట వినిపిస్తుంది. సూది వేయించుకొని ఊరికి వెళ్లిపోవడం సులువే. కాని ఆ అవ్వ కళ్లు తిరుగుతున్నాయని ఆరు నెలలుగా ఒక మాత్ర వేసుకుంటూ ఉండవచ్చు. వణుకు ఆ మాత్ర వల్లనే వచ్చి ఉండవచ్చు. మాత్ర మానితే కొన్ని నెలల్లో తగ్గిపోయే బాధను, ఎవరూ అడగనందువల్ల, ఆమె ఏళ్ల తరబడి మోస్తుంది.

మన ప్రమేయం లేకుండా శరీరంలో కలిగే కదలికల గురించి ఈ వ్యాసంలో తెలుసుకుందాం. వణుకు, అదురు, మెడ మెలితిరగడం, చేతులు కాళ్లు వాటంతట అవే ఆడటం, ఇవన్నీ ఈ కోవలోకి వస్తాయి. వీటిలో కొన్నిటికి భయపడనక్కరలేదు. కొన్ని పూర్తిగా నయమవుతాయి. కొన్ని నయం కాకపోయినా అదుపులో ఉంటాయి. ఏది ఏదో తేల్చడానికి చాలాసార్లు పెద్ద యంత్రాలు అక్కరలేదు. ఇంట్లోవాళ్లు ఏం చూశారు, రోగి ఏ మాత్రలు వేసుకుంటున్నాడు, ఏం తాగుతున్నాడు అన్న సంగతులే సగం రోగాన్ని బయటపెడతాయి.

కదలిక ఎలా కలుగుతుంది?

మనం చాయ్ గ్లాసు ఎత్తాలనుకుంటాం. మెదడు పైపొర నుండి ఆజ్ఞ బయలుదేరి, వెన్నుపాము గుండా, నరాల ద్వారా చేతి కండరాలకు చేరుతుంది. కాని ఆజ్ఞ ఒక్కటే చాలదు. ఎంత వేగంగా కదలాలి, ఎంత బలం వాడాలి, ఎక్కడ ఆగాలి అన్నవి కూడా ఎవరో చూసుకోవాలి. అందుకు మెదడులో మరో రెండు ఏర్పాట్లు ఉన్నాయి. తల వెనుక భాగంలో ఉండే చిన్నమెదడు కదలిక గురి తప్పకుండా చూస్తుంది. మెదడు లోపల లోతుగా ఉండే కొన్ని నరకణాల ముద్దలు కావలసిన కదలికను వదులుతాయి, అక్కరలేని కదలికను పట్టి ఉంచుతాయి. వీటిని బేసల్ గాంగ్లియా అంటారు.

ఎడ్లబండి తోలేవాడి చేతిలోని పగ్గాలను తలచుకోండి. పగ్గాలు మరీ బిగిస్తే ఎడ్లు అడుగు ముందుకు వేయవు. మరీ వదిలేస్తే ఎటుపడితే అటు ఉరుకుతాయి. బేసల్ గాంగ్లియా పని ఇలాంటిదే. పట్టు ఎక్కువైతే మనిషి బిగుసుకుపోయి నెమ్మదిస్తాడు. పార్కిన్సన్స్ వ్యాధిలో జరిగేది ఇదే. పట్టు సడలితే చేతులు, కాళ్లు, ముఖం వాటంతట అవే ఆడతాయి. దీన్ని కొరియా అంటారు. నాట్యం అని అర్థమున్న గ్రీకు మాట నుండి వచ్చిన పేరు ఇది. ఈ పట్టును సరిచూసే రసాయనాల్లో ముఖ్యమైనది డోపమిన్.

అంటే ఈ జబ్బుల్లో ఎక్కువ భాగం లోపం చేతిలో లేదు, కండరంలో లేదు, కండరాన్ని నడిపే ఏర్పాటులో ఉంది. అందుకే బలానికి వేసే సూదులు వీటిలో చాలావాటికి మందు కావు.

భయపడనక్కరలేనివి

కన్ను అదిరితే శుభమా అశుభమా అని మనవాళ్లు లెక్కలు చూస్తారు. కుడి కన్నా ఎడమ కన్నా, ఆడవారికా మగవారికా అని అడుగుతారు. నిజానికి రెప్ప అదరడానికి ఎక్కువగా కారణాలు నిద్ర చాలకపోవడం, అలసట, ఆందోళన, చాయ్ కాఫీలు ఎక్కువ కావడం. కొద్ది రోజుల్లో దానంతట అదే పోతుంది. నిద్ర పట్టబోతుండగా ఒళ్లు ఒక్కసారి ఉలిక్కిపడటం, ఎక్కిళ్లు, చలికి వణకడం, రాత్రిపూట పిక్కలు పట్టేయడం కూడా చాలావరకు ఇలాంటివే.

అయితే రెప్పతో మొదలైన అదురు నెలల తరబడి సాగి అదే వైపు చెంపకు, మూతికి పాకితే చూపించుకోవాలి. రెండు కళ్లూ బలవంతంగా మూసుకుపోయి దారి కనిపించకపోతే కూడా రావాలి. వీటికి బొట్యులినం అనే మందును చిన్న మోతాదులో సూదిగా ఇస్తారు. సాధారణంగా మూడు నాలుగు నెలలపాటు పని చేస్తుంది. తర్వాత మళ్లీ వేయించుకోవాలి. కండరాల్లో అదురుతో పాటు ఆ చెయ్యో కాలో సన్నబడుతూ బలం తగ్గుతుంటే ఆలస్యం చేయకూడదు.

వణుకు ఎప్పుడు వస్తోంది?

వణుకు విషయంలో డాక్టరు అడిగే మొదటి ప్రశ్న ఇది: చెయ్యి ఊరికే ఒడిలో పెట్టుకున్నప్పుడు వణుకుతుందా, పని చేస్తున్నప్పుడు వణుకుతుందా?

గ్లాసు పట్టుకున్నప్పుడు, సంతకం పెట్టేటప్పుడు, సూదిలో దారం ఎక్కించేటప్పుడు రెండు చేతులూ వణుకుతూ, ఒడిలో పెట్టుకోగానే నిలిచిపోతే అది ఎసెన్షియల్ ట్రెమర్ కావచ్చు. ఇది చాలా కుటుంబాల్లో తరతరాలుగా వస్తుంది. “మా నాయినకు గూడ ఇట్లనే ఉండె” అని రోగులే చెబుతారు. తల అడ్డంగా ఊగవచ్చు, గొంతు వణకవచ్చు. ప్రాణానికి ముప్పు లేదు. కాని నలుగురిలో చాయ్ తాగలేక, బ్యాంకులో సంతకం కుదరక మనిషి కుంగిపోతాడు. ప్రొప్రనొలాల్, ప్రిమిడోన్ అనే మాత్రలు చాలామందికి ఉపశమనం ఇస్తాయి. ఆస్తమా ఉన్నవారు ప్రొప్రనొలాల్ వాడరాదు. ఈ వణుకు కొంచెం సారా, కల్లు పడగానే తాత్కాలికంగా తగ్గుతుంది. అందుకని రోజూ తాగడం మొదలుపెడితే వణుకు ఉండనే ఉంటుంది, తాగుడు కూడా తోడవుతుంది.

కూర్చుని మాట్లాడుతుండగా ఒడిలో ఉన్న ఒక్క చెయ్యి, బీడీ చుడుతున్నట్టు బొటనవేలూ చూపుడువేలూ రాసుకుంటూ వణికి, గ్లాసు అందుకోగానే తగ్గితే అది పార్కిన్సన్స్ వైపు చూపుతుంది. దాని గురించి కింద వివరంగా చెబుతాం.

వస్తువు దగ్గరకు చెయ్యి వెళ్లేకొద్దీ వణుకు పెరిగి, నడకలో తూలుతుంటే చిన్నమెదడును పరీక్షించాలి. వణుకుతో పాటు గుండెదడ, చెమటలు, బాగా తింటున్నా బరువు తగ్గడం ఉంటే థైరాయిడ్ పరీక్ష చేయాలి. షుగర్ మాత్రలు లేదా ఇన్సులిన్ వాడేవారికి భోజనం ఆలస్యమై ఒక్కసారి చెమట, వణుకు, ఆకలి కలిగితే రక్తంలో చక్కెర పడిపోయి ఉంటుంది. వెంటనే మూడు నాలుగు చెంచాల చక్కెర నీళ్లలో కలిపి తాగించాలి. స్పృహలేని మనిషి నోట్లో మాత్రం ఏమీ పోయకూడదు.

మందుల సంచి తీసి చూడండి

మనం అంతగా అనుమానించని కారణం ఇది. డోపమిన్ పనిని అడ్డుకునే మందులు కొన్ని మన ఇళ్లలో మామూలుగా వాడుతున్నాం. వాంతులకు ఇచ్చే మెటోక్లోప్రమైడ్, ప్రోక్లోర్‌పెరజిన్. కళ్లు తిరగడానికి, తలనొప్పికి ఇచ్చే సిన్నరిజిన్, ఫ్లునరిజిన్. కడుపుబ్బరానికి గ్యాస్ మాత్రతో కలిపి ఇచ్చే లెవోసల్పిరైడ్. మానసిక జబ్బులకు వాడే హలోపెరిడాల్ వంటివి వీటిలో ఉన్నాయి. ఇవి చెడ్డ మందులు కావు. అవసరమున్నప్పుడు, అవసరమున్నన్ని రోజులు వాడితే మేలు చేస్తాయి. చిక్కు ఎక్కడంటే, పది రోజులకు రాసిన చీటీని మందుల షాపులో చూపించి పది నెలలు వాడటంలో ఉంది.

వీటివల్ల రెండు రకాల కదలికలు వస్తాయి. పిల్లల్లో, యువకుల్లో వాంతుల సూది వేసిన కొన్ని గంటల్లో లేదా ఒకటి రెండు రోజుల్లో మెడ ఒకవైపు మెలితిరుగుతుంది, కనుగుడ్లు పైకి పోతాయి, దవడ బిగుస్తుంది, నాలుక బయటకు వస్తుంది. చూసినవారు దయ్యం పట్టిందని హడలిపోతారు. ఆసుపత్రిలో విరుగుడు సూది వేస్తే సాధారణంగా కొద్ది నిమిషాల్లోనే సర్దుకుంటుంది.

పెద్దవాళ్లలో ఇది నెమ్మదిగా వస్తుంది. వారాలు, నెలలు వాడాక చెయ్యి వణుకుతుంది, నడక నెమ్మదిస్తుంది, ముఖంలో కళ తగ్గుతుంది. అచ్చం పార్కిన్సన్స్‌లా ఉంటుంది. మందు ఆపితే చాలామందికి వారాల్లో లేదా నెలల్లో తగ్గుతుంది. కొందరికి పూర్తిగా తగ్గదు. కొన్నిటిని చాలాకాలం వాడినవారిలో నోరు నములుతున్నట్టు, పెదవులు చప్పరిస్తున్నట్టు ఆగకుండా ఆడతాయి. ఇలాంటివి కనిపిస్తే తొందరగా చెప్పాలి.

ఒక హెచ్చరిక. ఇది చదివి మానసిక జబ్బుకు వాడుతున్న మందును ఎవరూ సొంతంగా ఆపవద్దు. ఆపితే అసలు జబ్బు తిరగబెడుతుంది. రాసిన డాక్టరుకు చెప్పండి, మోతాదు తగ్గించే, మందు మార్చే దారులు ఉన్నాయి.

కల్లు మానగానే వచ్చే వణుకు

మన ప్రాంతంలో ఈ సంగతి చెప్పకుండా వణుకు గురించి రాయలేం. చెట్టు కల్లు వేరు, దుకాణంలో మందు కలిపిన కల్లు వేరు. కల్తీ కల్లులో నిషా కోసం క్లోరల్ హైడ్రేట్, డయజిపామ్, ఆల్ప్రజోలం వంటి మత్తు మందులు కలుపుతారు. రోజూ తాగేవారి మెదడు ఆ మత్తుకు అలవాటుపడుతుంది. ఒక్కసారి ఆగిపోతే, నిద్రలోకి జోకొడుతున్న చెయ్యి తీసేసినట్టు మెదడు ఉలిక్కిపడుతుంది. ఒకటి రెండు రోజుల్లో, కొన్నిసార్లు కొంత ఆలస్యంగా, చేతుల వణుకు, చెమటలు, నిద్ర పట్టకపోవడం, లేనివి కనిపించడం, ఫిట్స్ వస్తాయి. సారా, బ్రాందీ మానినా దాదాపు ఇలాగే ఉంటుంది. ప్రాణం పోయే ప్రమాదం ఉంది.

2015 సెప్టెంబరులో తెలంగాణలో కల్తీ కల్లుపై గట్టి దాడులు జరిగినప్పుడు నిజామాబాద్ తదితర జిల్లాల్లో ఇదే జరిగింది. కల్లు దొరకక, వణుకుతో, ఫిట్స్‌తో, వింత ప్రవర్తనతో జనం ఆసుపత్రులకు వచ్చారు. వాళ్లకు పిచ్చి పట్టలేదు. మత్తు మందు ఒక్కసారి ఆగిపోయింది, అంతే.

కాబట్టి ఇంట్లో ఎవరైనా మానాలనుకుంటే సంతోషించండి, కాని గదిలో పెట్టి తాళం వేసి మాన్పించకండి. ఆసుపత్రికి తీసుకురండి. మందు ఇచ్చి, మోతాదు కొన్ని రోజుల్లో క్రమంగా తగ్గిస్తూ మాన్పిస్తారు. వేరే జబ్బుతోనో, కాలు విరిగో ఆసుపత్రిలో చేరినప్పుడు కూడా రోజూ తాగే అలవాటు ఉంటే సిగ్గుపడకుండా చెప్పండి. ఆడవాళ్లలో కూడా ఈ అలవాటు ఉంటుంది, కాని చెప్పరు. మూడో రోజు ఫిట్స్ వచ్చాక తెలిసేకంటే మొదటి రోజే చెబితే మేలు.

బడిపిల్లల చేతులు ఆడుతుంటే

బాగా చదువుకునే పదేళ్ల పాప చేతిరాత ఉన్నట్టుండి పాడవుతుంది. పలక జారిపడుతుంది, కంచంలో అన్నం ఒలికిపోతుంది. భుజాలు ఎగరేస్తుంది, మూతి వంకర్లు పెడుతుంది. ఊరికే ఏడుస్తుంది. బడిలో పంతులుగారు అల్లరి అనుకుంటారు, ఇంట్లో దెబ్బలు పడతాయి. నిద్రపోతే మాత్రం ఆ కదలికలన్నీ ఆగిపోతాయి.

ఇది సిడెన్‌హామ్ కొరియా కావచ్చు. 17వ శతాబ్దపు ఇంగ్లండు వైద్యుడు థామస్ సిడెన్‌హామ్ పేరు మీద వచ్చింది. సాధారణంగా 5 నుండి 15 ఏళ్ల పిల్లల్లో, ఆడపిల్లల్లో ఎక్కువగా కనిపిస్తుంది. స్ట్రెప్టోకాకస్ అనే క్రిమి వల్ల గొంతునొప్పి వచ్చి తగ్గిన కొన్ని వారాలకు, నెలలకు ఇది మొదలవుతుంది. క్రిమి మీద యుద్ధానికి శరీరం తయారుచేసిన ఆయుధాలు పొరపాటున మెదడులోని బేసల్ గాంగ్లియా మీద పడతాయి. అప్పటికి గొంతునొప్పి సంగతి అందరూ మరచిపోయి ఉంటారు.

చేతుల ఆట చాలామంది పిల్లల్లో కొన్ని నెలల్లో తగ్గిపోతుంది. అసలు ప్రమాదం అక్కడ లేదు, గుండెలో ఉంది. ఇది రుమాటిక్ జ్వరానికి గుర్తు. అదే జబ్బు గుండె కవాటాలను నిశ్శబ్దంగా పాడుచేస్తుంది. అందుకే కొరియా వచ్చిన ప్రతి బిడ్డకూ గుండెకు ఎకో పరీక్ష చేయించాలి. మళ్లీ ఆ క్రిమి సోకకుండా బెంజథైన్ పెన్సిలిన్ సూదిని మూడు వారాలకు ఒకసారి, డాక్టరు చెప్పినన్ని సంవత్సరాలు వేయించాలి. “చేతులు మంచిగయినయి, ఇంక సూదులెందుకు” అని మానేసిన పిల్లలే పెద్దయ్యాక, ముఖ్యంగా గర్భవతులయ్యాక, ఆయాసంతో ఆసుపత్రికి వస్తారు. ఉపాధ్యాయులు ఈ పేరా ఒకసారి తోటివారికి చదివి వినిపిస్తే మాకు ఎంతో సాయం చేసినవారవుతారు.

ఇంకో జబ్బు విల్సన్స్ వ్యాధి. తిండిలోని రాగిని శరీరం బయటకు పంపలేక కాలేయంలో, మెదడులో, కంటిలో పేరుకుపోతుంది. కిన్నియర్ విల్సన్ అనే వైద్యుడు 1912లో దీన్ని వివరించాడు. తల్లి నుండి, తండ్రి నుండి రెండువైపులా లోపం వచ్చినప్పుడే జబ్బు బయటపడుతుంది. మేనరికాల్లో ఆ అవకాశం పెరుగుతుంది. పెరిగే వయసు పిల్లల్లో మాట ముద్దగా రావడం, చొల్లు కారడం, చేతులు వణకడం లేదా మెలితిరగడం, చదువులో వెనుకబడటం, కారణం తెలియని కామెర్లు ఉంటే అడగాలి. కంటి నల్లగుడ్డు అంచున గోధుమరంగు వలయం కనిపించవచ్చు. తొందరగా గుర్తిస్తే పెన్సిలమిన్, జింక్ వంటి మందులతో అదుపు చేయవచ్చు. మందు జీవితాంతం వాడాలి. అన్నదమ్ములకు, అక్కచెల్లెళ్లకు జబ్బు కనిపించకపోయినా పరీక్ష చేయించాలి.

పార్కిన్సన్స్ వ్యాధి

1817లో లండన్ వైద్యుడు జేమ్స్ పార్కిన్సన్ ఈ వ్యాధి గురించి ఒక చిన్న పుస్తకం ప్రచురించాడు. అందులో ఉన్నది ఆరుగురి కథ. వారిలో కొందరిని ఆయన వీధిలో నడుస్తుండగా చూసి గుర్తించాడు. అప్పుడు స్కాన్ లేదు, రక్తపరీక్ష లేదు. శ్రద్ధగా చూడటమే ఆయన సాధనం. ఈనాటికీ ఈ జబ్బును ముఖ్యంగా చూసి, అడిగి, పరీక్షించే నిర్ధారిస్తాం. ఆయన పుట్టిన ఏప్రిల్ 11వ తేదీని ప్రపంచ పార్కిన్సన్స్ దినంగా పాటిస్తున్నారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా ప్రకారం 2019లో ప్రపంచంలో 85 లక్షల మందికి పైగా ఈ వ్యాధి ఉంది.

మెదడు కింది భాగంలో డోపమిన్ తయారుచేసే కణాలు క్రమంగా నశించడం దీనికి మూలం. లక్షణాలు బయటపడే నాటికి వాటిలో చాలా భాగం పోయి ఉంటాయి. వణుకే దీని గుర్తు అనుకోవద్దు. మొదట్లో కొందరికి వణుకు ఉండదు. ముఖ్యమైనది నెమ్మదించడం. ఇంట్లో గమనించగలిగినవి ఇవి:

– నడిచేటప్పుడు ఒక చెయ్యి ఊగదు, చిన్న చిన్న అడుగులు పడతాయి, కాళ్లు ఈడుస్తారు.
– చొక్కా గుండీ పెట్టుకోవడానికి, జొన్నరొట్టె చేయడానికి మునుపటికంటే చాలాసేపు పడుతుంది.
– రాత అక్షరం అక్షరానికి చిన్నదవుతుంది. గొంతు తగ్గుతుంది.
– ముఖంలో నవ్వు, కోపం కనిపించవు. “ఎప్పుడూ చిరాగ్గా ఉంటాడు” అని ఇంట్లోవాళ్లు అపార్థం చేసుకుంటారు.
– ఒక భుజం బిగుసుకుపోయి నొప్పి పెడుతుంది. కీళ్లనొప్పి అని ఏళ్లు గడిచిపోతాయి.
– వాసన తెలియకపోవడం, మలబద్ధకం, నిద్రలో కలలకు తగ్గట్టు కేకలు వేయడం, కాళ్లు చేతులు విసరడం వణుకు కంటే ఎన్నో ఏళ్ల ముందే రావచ్చు.

ఈ జబ్బును పూర్తిగా నయం చేసే మందు ఇంకా లేదు. కాని మనిషిని తిరిగి పనిలోకి తెచ్చే మందు ఉంది. మెదడులో డోపమిన్ ప్రాముఖ్యాన్ని 1950ల చివర్లో స్వీడన్ శాస్త్రవేత్త అర్విడ్ కార్ల్‌సన్ చూపించాడు. ఆయనకు 2000లో నోబెల్ బహుమతి వచ్చింది. డోపమిన్‌ను నేరుగా మింగితే మెదడులోకి వెళ్లదు. దాని ముడిసరుకైన లెవోడోపా వెళుతుంది. 1967లో జార్జ్ కోట్జియాస్ దీన్ని మోతాదు మెల్లగా పెంచుతూ ఇచ్చి మంచి ఫలితం చూపించాడు. ఇప్పుడు దీన్ని కార్బిడోపాతో కలిపి మాత్రగా ఇస్తున్నాం.

ఈ మాత్ర వాడేవారు గుర్తుంచుకోవలసినవి మూడు. ఒకటి, వేళ తప్పకూడదు. రెండు, పప్పు, గుడ్డు, మాంసం, పాలు ఎక్కువగా ఉన్న భోజనంతో కలిపి వేసుకుంటే కొందరికి సరిగా పని చేయదు. వీలైతే తిండికి అరగంట ముందు వేసుకోవాలి. వికారం ఉంటే మొదట్లో ఒక బిస్కెట్‌తో వేసుకోవచ్చు. మూడు, ఒక్కసారిగా ఆపకూడదు. ఆపితే ఒళ్లు కర్రలా బిగిసి, జ్వరం వచ్చి, ప్రాణం మీదకు రావచ్చు. వేరే ఊళ్లో వాంతులకు సూది వేయించుకోవలసి వస్తే పార్కిన్సన్స్ ఉందని ముందే చెప్పండి. మెటోక్లోప్రమైడ్ వీరికి పనికిరాదు.

కొన్నేళ్లు గడిచాక మాత్ర ప్రభావం తొందరగా దిగిపోవడం, మాత్ర పని చేస్తున్న సమయంలో ఒళ్లు అదనంగా ఊగడం మొదలుకావచ్చు. అప్పుడు మోతాదులు సర్దుతాం. ఎంపిక చేసిన కొందరికి మెదడులో సన్నని తీగ అమర్చి విద్యుత్ ప్రేరణ ఇచ్చే శస్త్రచికిత్స ఉపయోగపడుతుంది. దీనికి మనకు వంద కిలోమీటర్ల దూరంలో ఉన్న హైదరాబాద్‌లో, నిమ్స్‌తో సహా, వసతి ఉంది.

మందుతో సమానమైనది వ్యాయామం. రోజూ నడవాలి. అడుగు నేలకు అతుక్కుపోయినట్టు ఆగిపోతే లాగకండి. “ఒకటి, రెండు” అని లెక్కపెట్టండి, లేదా నేల మీద ఒక గీత చూపించి దాన్ని దాటమనండి. చాలామందికి కాలు కదులుతుంది. స్నానాల గదిలో పట్టుకోవడానికి ఒక కడ్డీ పెట్టించండి. తొందరపెట్టకండి. “జల్ది నడువు” అన్న మాట ఈ రోగికి మరింత బిగుసుకుపోయేలా చేస్తుంది.

దయ్యం కాదు, నటన కాదు

మెడ మెలితిరిగిన పిల్లవాణ్ని, ఒళ్లు ఊగుతున్న కోడలిని భూతవైద్యుడి దగ్గర కట్టేసి కొట్టించడం ఇంకా అక్కడక్కడ జరుగుతోంది. ఇవి మెదడు జబ్బులు. ప్రార్థన చేయించండి, మీ పెద్దల దీవెన తీసుకోండి. అవి వైద్యానికి అడ్డు కావు, వైద్యం వాటికి అడ్డు కాదు. కాని దెబ్బలు, పొగ, పస్తులు రోగిని చంపగలవు. మనసుకు తగిలిన దెబ్బ వల్ల కూడా కొందరికి వణుకు, మెలికలు వస్తాయి. అది నటన కాదు. ఆ బాధ నిజమైనది, దానికీ చికిత్స ఉంది.

వెంటనే ఆసుపత్రికి తీసుకురావలసినవి

1. పత్తికి, అల్లానికి పురుగుమందు కొట్టి వచ్చిన మనిషికి కండరాలు పురుగులు పాకినట్టు అదరడం, చొల్లు, చెమట, కంటిపాప చిన్నదవడం. బట్టలు విప్పి, సబ్బుతో ఒళ్లు కడిగి, మందు డబ్బా వెంట తీసుకురండి. సాయం చేసేవారు ఆ మందు తమ చేతులకు అంటకుండా చూసుకోవాలి.
2. గాయమైన కొన్ని రోజులకు దవడ బిగిసి నోరు తెరవలేకపోవడం, వీపు విల్లులా వంగడం. ఇది ధనుర్వాతం.
3. ఫిట్స్ అయిదు నిమిషాలు దాటినా, వెంటవెంటనే వచ్చినా. పక్కకు పడుకోబెట్టండి, నోట్లో ఏమీ పెట్టకండి.
4. షుగర్ ఉన్న పెద్దవారికి ఉన్నట్టుండి ఒకవైపు చెయ్యి, కాలు విసురుగా ఆడటం. చక్కెర విపరీతంగా పెరిగినా, మెదడులో రక్తనాళం మూసుకున్నా ఇలా కావచ్చు. చక్కెర వల్ల అయితే అది అదుపులోకి వచ్చాక చాలామందికి తగ్గుతుంది.
5. కదలికలతో పాటు జ్వరం, స్పృహ తప్పడం.

వచ్చేటప్పుడు ఏం తేవాలి?

ఆరు నెలలుగా వేసుకున్న మాత్రలన్నిటి ఖాళీ అట్టలు ఒక సంచిలో వేసుకొని రండి. గ్యాస్ గోలీలు, ఆర్‌ఎంపీ ఇచ్చినవి, నాటుమందులు కూడా. వణుకు ఎప్పుడు మొదలైంది, ఏ వైపు, నిద్రలో ఉంటుందా, ఇంట్లో ఇంకెవరికైనా ఉందా అన్నవి కాగితం మీద రాసుకోండి. సెల్‌ఫోనులో ఒక నిమిషం వీడియో తీయండి. డాక్టరు ముందు కూర్చోగానే చాలా కదలికలు దాక్కుంటాయి. ఎప్పుడూ పక్కన ఉండే మనిషే వెంట రావాలి.

పాఠకుల సందేహాలు

స్కాన్ తీయిస్తే పార్కిన్సన్స్ తెలుస్తుందా?
మామూలు స్కాన్‌లో తెలియదు. కణితి, రక్తపు గడ్డ, తలలో నీరు చేరడం వంటి ఇతర కారణాలు లేవని చూసుకోవడానికి కొందరికి తీయిస్తాం. స్కాన్ బాగుందంటే జబ్బు లేదని కాదు.

ఇది అంటుకుంటుందా? పిల్లలకు వస్తుందా?
అంటుకోదు. ఎక్కువమందిలో వంశపారంపర్యం కాదు. చిన్న వయసులో మొదలైనా, కుటుంబంలో చాలామందికి ఉన్నా డాక్టరుతో మాట్లాడండి.

దూలగొండి గింజల పొడి వాడవచ్చా?
దూలగొండి గింజల్లో నిజంగానే లెవోడోపా ఉంది. ఆయుర్వేదంలో కంపవాతానికి దీన్ని ఎప్పటినుంచో వాడుతున్నారు. కాని ఏ పొడిలో ఎంత ఉందో తెలియదు. మాత్రతో పాటు అది కూడా తింటే మోతాదు ఎక్కువై ఒళ్లు ఊగడం, లేనివి కనిపించడం జరగవచ్చు. చెప్పకుండా కలిపి వాడవద్దు.

ఉపవాసం ఉండవచ్చా?
ఉపవాస ప్రార్థనలైనా, రంజాన్ రోజాలైనా, ఏకాదశి అయినా, మాత్ర వేళలు తప్పితే ప్రమాదం. ముందుగా వచ్చి అడగండి. చాలామంది విషయంలో “వద్దు” అనే చెబుతాం.

చివరిగా ఒక్క మాట. ఈ సాయంత్రం మీ ఇంట్లో పెద్దవాళ్లు చాయ్ తాగుతుండగా ఒకసారి వాళ్ల చేతులను చూడండి. గ్లాసు పట్టుకున్నప్పుడు ఎలా ఉన్నాయి, ఒడిలో పెట్టుకున్నప్పుడు ఎలా ఉన్నాయి? ఆ తర్వాత వాళ్ల మందుల సంచి అడిగి చూడండి. ఏదైనా అనుమానంగా ఉంటే రెండూ, అంటే మీరు చూసినదీ ఆ సంచీ, తీసుకొని ఆసుపత్రికి రండి. మిగతాది కలిసి తేలుద్దాం.